సెక్షన్ల మధ్య పాఠకుణ్ణి తిప్పకుండా ప్రశ్నను పంపడం ఎలా? యూనివర్సిటీ లైబ్రరీకి ఒక పని పద్ధతి

మీరు అడిగింది ఇదీ: రాష్ట్ర యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీ, మూడు అంతస్తుల్లో ఆరు సెక్షన్లు. సర్క్యులేషన్ (పుస్తకాలు ఇచ్చి తీసుకునే) కౌంటర్‌లో అడిగినవాళ్లను రిఫరెన్స్‌కి పంపుతున్నారు, రిఫరెన్స్ వాళ్లు ఈ-రిసోర్సెస్‌కి, వాళ్లు మళ్లీ కిందికి. మెయిల్‌లో వచ్చే ప్రశ్నలదీ అదే దారి. వాట్సాప్ గ్రూపు పెట్టి చూసినా కుదరలేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌కి బడ్జెట్ లేదు. ఏం చేయాలి?

డబ్బు లేకపోవడం ఇక్కడ పెద్ద అడ్డంకి కాదు. మన లైబ్రరీల్లో పంపడం అంటే మనిషిని పంపడం అయిపోయింది. పాఠకుడు మెట్లెక్కి వెళ్లి, మొదటి కౌంటర్‌లో చెప్పిందంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. అక్కడ సీట్లో ఎవరూ లేకపోతే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది, ఆగిన సంగతి ఎవరికీ తెలియదు. దీన్ని తిరగేయాలి. కదలాల్సింది ప్రశ్న. కాగితం మీద కదులుతుందా, తెర మీద కదులుతుందా అన్నది తర్వాతి మాట. పాఠకుడు మొదట ఎవరిని అడిగారో, జవాబు అందేదాకా వాళ్లదే పూచీ. కింద రాసినవన్నీ ఈ ఒక్క నియమాన్ని నిలబెట్టడానికే.

ముందు రెండు వారాల లెక్క

ఏదీ మార్చకముందు ఉన్నది ఉన్నట్టు రాయండి. సెమిస్టర్ మధ్యలో ఒక వారం, పీహెచ్‌డీ సబ్మిషన్లు ముమ్మరంగా ఉండే రోజుల్లో ఒక వారం తీసుకుంటే రెండు రకాల రద్దీ కనిపిస్తుంది. ప్రతి కౌంటర్‌లో ఒక రూళ్ల పుస్తకం చాలు. నాలుగు గళ్లు: టైము, పాఠకుడు అన్న మాట, ఎక్కడికి పంపారు, ఇక్కడికి రాకముందు ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారు. నాలుగో గడి నింపడం బరువనిపిస్తుంది, కానీ అసలు విషయం తెలిసేది అందులోనే. న్యూస్ పేపర్లు ఎక్కడ, ఫ్యాన్ వేయండి లాంటివి రాయక్కర్లేదు.

పాఠకుడి మాటను మార్చకుండా రాయించండి. "సార్, కంప్యూటర్‌లో ఉందంటోంది, ర్యాక్‌లో లేదు" అని వస్తారే తప్ప స్టాక్ వెరిఫికేషన్ కావాలని ఎవరూ రారు. తర్వాత మీరు తయారుచేసే 'ఎవరికి ఏది' పట్టిక ఈ మాటలతోనే కట్టాలి. సెక్షన్ పేర్లతో కట్టిన పట్టిక మనకు బాగుంటుంది, కౌంటర్‌లో కొత్తగా చేరిన అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి మాత్రం పనికిరాదు.

రెండు వారాల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే పది పన్నెండు రకాల ప్రశ్నలే మళ్లీమళ్లీ వస్తున్నాయని తెలుస్తుంది. వాటిలో కొన్ని పంపాల్సిన అవసరమే లేనివి. బదిలీలు మెరుగుపరచడానికి మొదటి మెట్టు అనవసరమైన బదిలీలు ఆపడం. రెండు రకాలను వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏ లైబ్రరీలోనైనా ఎక్కువగా తిరిగేవి ఇవే.

ఓపాక్‌లో (కంప్యూటర్ కేటలాగ్‌లో) ఉంది, ర్యాక్‌లో లేదు

సర్క్యులేషన్ వాళ్లు "స్టాక్ రూమ్‌లో అడగండి" అంటారు, అక్కడివాళ్లు "టెక్నికల్ సెక్షన్ (కేటలాగ్ చేసేవాళ్లు) తప్పు ఎక్కించింది" అంటారు. నిజానికి దీన్ని కౌంటర్‌లోనే సగానికి పైగా తేల్చొచ్చు. కోహా (లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే ఆ కాపీ వివరాల్లో 'లాస్ట్ సీన్' తేదీ ఉంటుంది. పుస్తకం చివరిసారి ఇష్యూలోనో, రిటర్న్‌లోనో, స్టాక్ చెకింగ్‌లోనో స్కాన్ అయిన రోజు అది. నిన్నో మొన్నో అయితే పుస్తకం ఇంకా ర్యాక్‌కి చేరి ఉండదు: రిటర్న్ ట్రాలీ, రీడింగ్ హాలు బల్లలు, జిరాక్స్ గది చూడాలి. ఏడాది కిందటిది అయితే తప్పు అరలో ఉండాలి, లేదా బైండింగ్‌కి వెళ్లి ఉండాలి.

తప్పు అర అంటే ఎక్కడో కాదు. ముందు ఆ కాల్ నంబరుకి (పుస్తకం చోటు చెప్పే లేబుల్ అంకెకి) అటూ ఇటూ, పైనా కిందా ఒక్కో అర. తర్వాత అంకెలు తారుమారయ్యే చోటు. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు భాష 494.827, తెలుగు సాహిత్యం 894.827. లేబుల్ మీద మొదటి అంకె చెరిగితే వ్యాకరణం వెళ్లి కవిత్వంలో కూర్చుంటుంది, 827 కాస్తా 872 అయితే మరో చోట తేలుతుంది. వెతికేవాళ్లకు ఈ జంటలు ఒక కార్డు మీద రాసిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

బైండింగ్ సంగతి వేరు. వందా రెండొందల పుస్తకాలు ఒక లాటుగా వెళ్లిపోతాయి, కోహాలో మాత్రం 'అందుబాటులో ఉంది' అనే చూపిస్తుంటాయి. అవి తిరిగొచ్చేదాకా ఒక్కో పుస్తకం కోసం ఒక్కో పాఠకుడు మెట్లెక్కి దిగుతుంటారు. లాటు కట్టేరోజే బార్‌కోడ్లన్నీ స్కాన్ చేసి ఒక ఫైలుగా పెట్టుకుని, బ్యాచ్ ఐటమ్ మాడిఫికేషన్‌లో 'నాట్ ఫర్ లోన్' కింద బైండింగ్ అని ఒకేసారి మార్చాలి. గంట పని. దీనివల్ల ఆగిపోయే బదిలీలు ఎన్నో మీ రూళ్ల పుస్తకమే చెబుతుంది.

అన్నీ చూసినా దొరకకపోతే అప్పుడు పంపాలి. వెతుకులాట మూడుసార్లు: అడిగిన రోజు, మూడో రోజు, పదో రోజు. పదో రోజుకీ దొరకకపోతే 'మిస్సింగ్' అని పెట్టి టెక్నికల్ సెక్షన్‌కి నోటు వెళ్లాలి. ఈలోగా పాఠకుణ్ణి ఖాళీగా ఉంచకూడదు. వేరే కాపీ మీద హోల్డ్ (రిజర్వేషన్) పెట్టడమో, డెల్‌నెట్ (లైబ్రరీలు పుస్తకాలు పంచుకునే నెట్‌వర్క్) సభ్యత్వం ఉంటే అంతర్ గ్రంథాలయ అప్పు అడగడమో మొదటి రోజే చెప్పాలి. కేటలాగ్ రికార్డులోనే తప్పుంటే, అంటే రచయిత పేరు, కాల్ నంబరు, సంపుటం సంఖ్య లాంటివి, కోహా 22.11 నుంచి 'కేటలాగ్ కన్సర్న్స్' అనే సదుపాయం ఉంది. సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో ఆన్ చేస్తే ఆ రికార్డు దగ్గరే ఫిర్యాదు నమోదవుతుంది, టెక్నికల్ సెక్షన్ నేరుగా చూసుకుంటుంది.

ఈ-జర్నల్ ఓపెన్ అవట్లేదు

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నల్స్‌కి దేశమంతటికీ ఒకే చందా) పథకాన్ని ఆమోదించాక ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. మంచి మార్పు. దాంతోపాటు ఈ రకం ప్రశ్నలూ పెరిగాయి. కౌంటర్‌లో ఉన్నవాళ్లు నాలుగు సంగతులు అడిగితే చాలు, ఎటు పంపాలో తేలిపోతుంది.

ఎక్కడినుంచి తెరుస్తున్నారు? క్యాంపస్ నెట్ అయితే ఐపీ (నెట్ చిరునామా) మీద నేరుగా తెరుచుకోవాలి, బయటనుంచి అయితే ఇన్‌ఫెడ్ (యూనివర్సిటీ ఐడీతో ప్రచురణకర్త సైటు తెరిచే ఏర్పాటు) లాగిన్ కావాలి. హాస్టల్ విషయంలో చాలామంది పొరపడతారు. హాస్టల్ వైఫైకి వేరే సంస్థ నుంచి లైన్ తీసుకుని ఉంటే, క్యాంపస్ గేటు లోపలే ఉన్నా ప్రచురణకర్త లెక్కలో ఆ విద్యార్థి బయటివాడే.

అడుగుతున్నది జర్నలా, పుస్తకమా? ఈ పథకం జర్నల్స్‌కి సంబంధించింది. అదే ప్రచురణకర్త సైటులో ఈ-బుక్ తాళం వేసి కనిపిస్తే అది చెడిపోయినట్టు కాదు.

ఏ సంవత్సరం వ్యాసం? ఎప్పటినుంచి సంచికలు అందుబాటులో ఉంటాయన్నది ప్రచురణకర్తను బట్టి మారుతుంది. కొత్త వ్యాసం తెరుచుకుని పాతది డబ్బు కట్టమంటుంటే లాగిన్‌లో తప్పేమీ లేదు.

తెర మీద ఏం వచ్చింది? పాస్‌వర్డ్ తప్పన్నదా, డబ్బు కట్టమన్నదా, అసలు పేజీయే రాలేదా. ఫోన్లో ఫొటో తీసి పంపించమనండి.

ఈ నాలుగూ అడగడానికి రెండు నిమిషాలు. అడగకుండా పైకి పంపితే ఈ-రిసోర్సెస్ వాళ్లు ఇవే అడగాలి, అప్పటికి ఆ విద్యార్థి హాస్టల్‌కి వెళ్లిపోయి ఉంటారు.

పంపే నోటు

రెండు నోట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మొదటిది సాధారణంగా కనిపించేది:

"ఈ-జర్నల్ ఓపెన్ అవట్లేదట. చూడండి."

రెండోది ఉండాల్సింది:

"(పేరు, మెయిల్), కెమిస్ట్రీ పీహెచ్‌డీ, రెండో ఏడు. హాస్టల్ వైఫై. ఇన్‌ఫెడ్ లాగిన్ అవుతోంది. 2022 వ్యాసం పీడీఎఫ్ వచ్చింది, అదే జర్నల్‌లో 2009 వ్యాసం డబ్బు కట్టమంటోంది. స్క్రీన్ ఫొటో జత చేశాను. గురువారం సెమినార్, బుధవారం మధ్యాహ్నంలోగా కావాలి. మీరు చూసుకుంటారని, బుధవారం 12కి మెయిల్ వస్తుందని ఆవిడకు చెప్పాను. సర్క్యులేషన్, ఉదయం షిఫ్టు."

రెండో నోటు చదివినవాళ్లు పాస్‌వర్డ్ మార్చే పనిలో పడరు. పాత సంచిక మన పరిధిలో లేదని వెంటనే గ్రహించి ఆ వ్యాసాన్ని డెల్‌నెట్ ద్వారానో, రచయిత స్వయంగా ఏదైనా రిపాజిటరీలో పెట్టిన ప్రతి ద్వారానో తెప్పించే పని మొదలుపెడతారు.

కాబట్టి నోటులో ఆరు సంగతులు ఉండాలి: ఎవరు, ఎలా చేరుకోవాలి; ఏం కావాలి; ఇప్పటికి ఏం చేసి చూశారు, ఏమైంది; ఎప్పటికి కావాలి; పాఠకుడికి మనం ఏం మాటిచ్చాం; ఎవరు పంపుతున్నారు. వీటిలో 'ఏం మాటిచ్చాం' అన్నదాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. కింద "రేపటికల్లా వస్తుంది" అని చెప్పి, పైన "వారం పడుతుంది" అంటే లైబ్రరీ మొత్తం మీద నమ్మకం పోతుంది.

గళ్లు ఆరుకి మించనివ్వకండి. పన్నెండు గళ్ల ఫారం పెడితే రద్దీలో ఎవరూ నింపరు, మళ్లీ "పైకెళ్లండి" మొదలవుతుంది.

నోటు రాయాలంటే ప్రశ్న సరిగ్గా తెలియాలి, అది తెలియాలంటే అడగాలి. తెలుగు మీడియంలో చదివి యూనివర్సిటీకి వచ్చిన విద్యార్థి కౌంటర్ దగ్గర ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు. తెలుగులో "దేనికోసమమ్మా, అసైన్‌మెంటుకా, సెమినార్‌కా?" అని ఒక్కమాట అడిగితే మిగతాదంతా చెబుతారు. "గ్రూప్స్ పుస్తకాలు కావాలి" అని వచ్చినవారికి చాలాసార్లు కావాల్సింది రాత్రి రీడింగ్ రూమ్ పర్మిషన్. ఆ సంగతి కౌంటర్‌లోనే తెలిస్తే రిఫరెన్స్ సెక్షన్‌కి ఒక నోటు తగ్గినట్టే.

పూచీ ఎవరిది, ఎంతసేపు

ప్రశ్నకు మూడు దశలు: పంపాం, తీసుకున్నాం, జవాబు అందింది. 'తీసుకున్నాం' అని అవతలి సెక్షన్ రాసేదాకా ప్రశ్న పంపినవాళ్లదే. మెయిల్ కొట్టేశాం కాబట్టి మన చేతులు దులిపేసుకున్నాం అనుకునే అలవాటు ఇక్కడే ఆగాలి.

గడువులు మీ సిబ్బందిని బట్టి పెట్టుకోండి. మొదలుపెట్టడానికి ఇవి సరిపోతాయి. పాఠకుడు ఎదురుగా నిలబడి ఉంటే ముందు ఇంటర్‌కమ్. రెండు నిమిషాల్లో ఎవరూ ఎత్తకపోతే నోటు. నోటు అందాక రెండు పని గంటల్లో 'తీసుకున్నాం'. మామూలు ప్రశ్నకు మర్నాటి సాయంత్రంలోగా జవాబు. ప్రచురణకర్తతోనో ఇన్‌ఫ్లిబ్‌నెట్‌తోనో (యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే యూజీసీ కేంద్రం) మాట్లాడాల్సినవాటికి మూడు పని దినాలు, అప్పటికీ తేలకపోతే ఎక్కడ ఆగిందో పాఠకుడికి ఒక మెయిల్.

బదిలీ రెండుసార్లకు మించకూడదు. తమది కాదనుకున్న సెక్షన్ దాన్ని మూడో సెక్షన్‌కి నెట్టకూడదు. కారణం ఒక్క వాక్యంలో రాసి పంపినవాళ్లకే తిప్పి పంపాలి. రెండోసారీ తిరిగొస్తే అది రిఫరెన్స్ చూసే అసిస్టెంట్ లైబ్రేరియన్ ఖాతాలో పడుతుంది, జవాబు వచ్చేదాకా అక్కడినుంచి కదలదు. ఈ బాధ్యత ఒక పదవికి అప్పగించాలి. కమిటీకి అప్పగిస్తే ఎవరికీ అప్పగించనట్టే.

ఇక అందరూ ఎరిగినా ఎవరూ పైకి అనని ఇబ్బంది ఒకటుంది. కౌంటర్‌లో ఉండేది లైబ్రరీ అసిస్టెంటు, కొన్నిచోట్ల అవుట్‌సోర్సింగ్ మీద వచ్చిన కుర్రాడు. పైన ఉండేది డిప్యూటీ లైబ్రేరియన్. "ఇది మీరు రేపటికి చూడండి" అని ఆ కుర్రాడు నోటు ఎలా రాస్తాడు? రాయలేక పాఠకుణ్ణే పంపేస్తాడు. అందుకే యూనివర్సిటీ లైబ్రేరియన్ సంతకంతో ఒక సర్క్యులర్ కావాలి: నోటు డెస్కు పేరు మీద వెళ్తుంది, రాసినవారి హోదాతో దానికి సంబంధం లేదు, గడువు లైబ్రరీ పెట్టినది. ఈ మూడు మాటలు లేకపోతే మిగతా ఏర్పాటు ఎంత బాగున్నా నెల తిరగకుండా పాత దారే పడుతుంది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమన్నది. సర్క్యులర్ మొదటి వాక్యంగా దాన్నే పెట్టండి, మన వృత్తిలో దానికి ఎదురు చెప్పేవాళ్లుండరు.

పాఠకుడికి చెప్పే మాట కూడా అందరిదీ ఒకటే ఉండాలి. "ఇది ఈ-రిసోర్సెస్ వాళ్లు చూస్తారు. నేను రాసి పంపిస్తున్నాను, మీరు పైకి వెళ్లనక్కర్లేదు. రేపు సాయంత్రంలోగా మెయిల్ వస్తుంది. రాకపోతే ఈ నంబరు చెప్పి ఇదే కౌంటర్‌లో అడగండి." ప్రశ్న వరుస నంబరు చీటీ మీద రాసి చేతికివ్వండి.

పైనుంచి వెళ్లే జవాబు ప్రతి ఒకటి కింద కౌంటర్‌కి కూడా రావాలి. చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, కౌంటర్ సిబ్బంది నేర్చుకునేది దీనివల్లే. అదే ప్రశ్న మూడోసారి వచ్చేసరికి వాళ్లే చెప్పేస్తారు.

వాట్సాప్ ఎందుకు కుదరలేదు, ఏది కుదురుతుంది

గ్రూపులో పెట్టిన ప్రశ్న అందరికీ కనిపిస్తుంది, అందుకే ఎవరూ తీసుకోరు. సాయంత్రానికి శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. విద్యార్థుల ఫోన్ నంబర్లు సిబ్బంది సొంత ఫోన్లలో మిగిలిపోతాయి. ఎవరైనా రిటైరైతే ఆ ఫోనుతో పాటే చరిత్ర పోతుంది. గ్రూపును "రేపు సర్వర్ ఆగుతుంది" లాంటి ప్రకటనలకే ఉంచండి.

ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే యూనివర్సిటీ డొమైన్ మీద ఒక ఉమ్మడి మెయిల్, ఒక గూగుల్ షీటు చాలు. షీటులో వరుస సంఖ్య, తేదీ, నోటులోని ఆరు గళ్లు, సెక్షన్, దశ, ముగిసిన తేదీ. ఉమ్మడి మెయిల్‌లో వచ్చే చిక్కు ఇద్దరు జవాబివ్వడం, లేదా ఎవరూ ఇవ్వకపోవడం. రోజుకొకరి వంతు వేసి, ఉదయం 10కి, మధ్యాహ్నం 2కి ఆ వంతువాళ్లు మెయిళ్లు షీటులోకి ఎక్కించి సెక్షన్ పేరుతో లేబుల్ పెడితే అది పోతుంది.

రోజుకు పాతిక ముప్పై ప్రశ్నలు దాటితే షీటు బరువెక్కుతుంది. అప్పుడు ప్రశ్నలు నమోదు చేసి పంపే ఓఎస్‌టికెట్ అనే సాఫ్ట్‌వేర్ చూడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంది. మీ కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఒక పాత సర్వర్ మీద పెట్టగలరు. కోహా ఉన్న సర్వర్ మీద మాత్రం పెట్టనివ్వకండి, ఒకటి మొరాయిస్తే రెండూ ఆగుతాయి. అందులో 'హెల్ప్ టాపిక్స్' అనే చోట మీ పది పన్నెండు రకాలను పాఠకుల మాటల్లోనే పెట్టి, ఒక్కోదాన్ని ఒక్కో సెక్షన్‌కి కట్టేస్తే ప్రశ్న దానంతటదే వెళ్తుంది. గడువు పెట్టడానికి అందులో 'ఎస్‌ఎల్‌ఏ ప్లాన్' అనే ఏర్పాటు ఉంది. సిబ్బందికి మొదటి రోజే నేర్పాల్సింది ఒకటి: 'ఇంటర్నల్ నోట్' మనలో మనకు, 'రిప్లై' పాఠకుడికి వెళ్తుంది. రెండూ పక్కపక్కనే ఉంటాయి. లోపలి మాట పొరపాటున బయటికి వెళ్లేది అక్కడే.

ఏ సాధనమైనా ఆధార్ నంబరు అడగకండి, హాల్ టికెట్ నంబరో లైబ్రరీ కార్డు నంబరో చాలు. ఎవరు ఏ పుస్తకం అడిగారు, ఎవరి పరిశోధన ఏమిటి అన్నది బయటికి పోకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, లైబ్రరీ ధర్మం అది. సెమిస్టర్ ముగిశాక పేర్లు, ఫోన్లు తుడిచేసి ప్రశ్న రకం, తేదీలు మాత్రం ఉంచుకోండి.

సాయంత్రం 5 దాటాక పరిస్థితి వేరు. సెక్షన్లన్నీ మూసేస్తారు, రీడింగ్ హాల్లో ఒకరిద్దరే ఉంటారు. వాళ్ల పని నోటు రాసి చీటీ ఇవ్వడం వరకే అని స్పష్టంగా చెప్పండి. "రేపు 10 తర్వాత చూస్తారు" అని తప్ప ఇంకే మాటా ఇవ్వకూడదు.

థీసిస్ రోజులు, అనూ ఫాంట్లు

సబ్మిషన్ సమయంలో నో డ్యూస్ (బాకీలు లేవన్న పత్రం) కోసం స్కాలర్ ఒక్కో సెక్షన్ సంతకానికి వరుసగా తిరుగుతారు. వరుసలో నాలుగో చోట ఏదో ఆగితే వెనక్కి వచ్చి మళ్లీ మొదలు. దీన్ని ఒకే దరఖాస్తుగా మార్చండి. థీసిస్ సెక్షన్ తీసుకుంటుంది, అదే రోజు సర్క్యులేషన్‌కి బాకీ పుస్తకాల కోసం, ఈ-రిసోర్సెస్‌కి సిమిలారిటీ రిపోర్టు (ఇతరుల రాతలతో ఎంత కలుస్తోందన్న లెక్క) కోసం ఒకేసారి నోట్లు వెళ్తాయి. శోధ్‌గంగకి (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) ఇచ్చే సాఫ్ట్ కాపీని దరఖాస్తు తీసుకునేటప్పుడే తెరిచి చూడాలి: టైటిల్ పేజీ, సర్టిఫికెట్, ఒక్కో అధ్యాయం వేర్వేరు పీడీఎఫ్‌లుగా ఉన్నాయా, దేనికైనా పాస్‌వర్డ్ పెట్టారా. ఈ రెండు నిమిషాల పని మానేస్తే నెల తర్వాత అది వెనక్కి వస్తుంది, అప్పటికి స్కాలర్ ఊళ్లో ఉండరు.

తెలుగు శాఖ థీసిస్‌లు ఇక్కడ ప్రత్యేకంగా చిక్కుకుంటాయి. డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో టైపు చేయించినవి చాలా ఉంటాయి. అచ్చులో అందంగా ఉంటాయి కానీ అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే అక్షర పద్ధతి) కాదు. పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసి వస్తాయి. సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ చదివేది ఆ గజిబిజినే. దాంతో రిపోర్టు సున్నా చూపించొచ్చు, ఫైలే తీసుకోకపోవచ్చు. స్కాలర్ "సున్నా వచ్చింది కదా" అంటారు, ఈ-రిసోర్సెస్ వాళ్లు "ఇది లెక్కలోకి రాదు" అంటారు, థీసిస్ సెక్షన్ "మాకు సర్టిఫికెట్ కావాలి" అంటుంది. ముగ్గురూ తమ వైపునుంచి సరిగ్గానే మాట్లాడుతున్నారు, స్కాలర్ మాత్రం ముగ్గురి మధ్య తిరుగుతుంటారు.

దీనికి మందు బదిలీలో లేదు, ముందే చెప్పడంలో ఉంది. సినాప్సిస్ ఇచ్చేరోజే తెలుగు, ప్రాచ్యభాషల స్కాలర్లకు ఒక చీటీ ఇవ్వండి: యూనికోడ్‌లో టైపు చేయించండి, ఇప్పటికే అనూలో ఉంటే కన్వర్టర్‌తో మార్చి ఒత్తులు, సున్నలు, అరసున్నలు చేత్తో సరిచూసుకోండి. మార్పిడిలో ముందు దెబ్బతినేవి అవే. తీసుకునే కౌంటర్‌లో నోట్‌ప్యాడ్ పరీక్ష తప్పనిసరి చేయండి.

సిమిలారిటీ శాతం గురించి కౌంటర్ ఎవరికీ తీర్పు చెప్పకూడదు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు చర్య ఉండదని, 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అని మూడు స్థాయులు ఉన్నాయని, సరిగ్గా ఆధారం చూపిన ఉల్లేఖనలు, ఉపయుక్త గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట లెక్కలోంచి తీసేయాలని చెబితే చాలు. మిగతాది గైడ్, ఈ-రిసోర్సెస్ చూసుకోవాలి.

బయటి లైబ్రరీకి పంపేటప్పుడు

పాత తెలుగు పత్రికల కోసం వచ్చినవారిని "వేటపాలెం వెళ్లండి" అని ఒక్క మాటతో పంపకండి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, తాళపత్రాలకైతే తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ... ఒక్కోచోట పని వేళలు, ఫొటో తీయనిచ్చే పద్ధతి వేరు. ముందు ఫోన్ చేసి కావాల్సిన సంచిక ఉందో లేదో కనుక్కుని, శాఖ నుంచి పరిచయ పత్రం ఇప్పించి పంపాలి. నోటులో పత్రిక పేరు, సంపుటం, సంచిక, నెల రాయండి.

సంవత్సరం దగ్గర జాగ్రత్త. పాత పత్రికల మీద చాలాసార్లు తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి రౌద్రి అంటే 1920-21 కావచ్చు, 1980-81 కూడా కావచ్చు. పైగా ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది కనుక మాఘం, ఫాల్గుణం సంచికలు తర్వాతి ఇంగ్లిష్ సంవత్సరంలో పడతాయి. రెండు లెక్కలూ రాసి పంపితే అవతలివాళ్లు సరైన బౌండ్ వాల్యూమ్ తీసి ఉంచుతారు.

నెలనెలా చూడాల్సినవి

మూడు అంకెలు చాలు. ఎన్ని ప్రశ్నలు బదిలీ అయ్యాయి, వాటిలో ఎన్ని తిరిగొచ్చాయి, పాఠకుడికి జవాబు అందడానికి ఎన్ని రోజులు పట్టింది. రోజులకు సగటు తీయకండి. ప్రచురణకర్త దగ్గర నలభై రోజులు నానిన ఒక్క ప్రశ్న సగటును పైకి లాగేస్తుంది. అన్నీ వరుసలో పేర్చి మధ్యలో ఉన్నది తీసుకోండి. తిరిగొచ్చినవి ఒకే రకంలో ఎక్కువుంటే తప్పు పట్టికలో ఉంది, సిబ్బందిలో కాదు. ఆ వరుస మార్చండి. పట్టికలో మనుషుల పేర్లు కాకుండా పదవి, ఇంటర్‌కమ్ నంబరు, భోజన వేళలో బదులు ఎవరు అన్నది రాసి, కింద తేదీ వేసి, ప్రతి నెలా మొదటి పని దినాన మళ్లీ అచ్చు తీయించాలి. గోడ మీది పాత కాగితం చింపకపోతే దాన్నే చూస్తారు.

శుక్రవారం ఇరవై నిమిషాలు సెక్షన్‌కి ఒకరు చొప్పున కూర్చుని, గడువు దాటిన అయిదు ప్రశ్నలు మాత్రం చదవండి. అక్కడ ఎవరి పేరూ ఎత్తకూడదు. ఈ అంకెలు మెమోలకు, ఇంక్రిమెంట్లకు వాడతారని ఒక్కసారి అనుమానం వచ్చిందా, తిరిగొచ్చిన ప్రశ్నలను ఎవరూ నమోదు చేయరు. షీటులో అంతా పచ్చగా కనిపిస్తుంది, పాఠకుడు మళ్లీ మెట్లెక్కుతుంటాడు. కాబట్టి ఈ లెక్క సిబ్బంది పనితీరు మదింపుకు వాడబోమన్న వాక్యం కూడా ఆ సర్క్యులర్‌లోనే, లైబ్రేరియన్ సంతకం పైనే ఉండాలి.